పిల్లల ఫొటోలకు బహుమతులు వద్దు, జవాబు ఇవ్వండి: జిల్లా విద్యా, వైద్య అధికారులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ జిల్లాల విద్యాశాఖాధికారులకు, వైద్య ఆరోగ్యశాఖాధికారులకు, గురుకులాల ప్రిన్సిపాళ్ళకు, ఉన్నత పాఠశాలల ప్రధానోపాధ్యాయులకు,

నమస్కారం.

కౌమార ఆరోగ్యం మీద ఏదైనా కార్యక్రమం చేయమని పైనుంచి ఉత్తర్వు రాగానే బడిలో గుర్తొచ్చేవి వ్యాసరచన, వక్తృత్వం, ముగ్గుల పోటీ. ఇప్పుడు అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి కాబట్టి వాటి పక్కన ఫొటోల పోటీ కూడా చేరుతోంది. 'ఆరోగ్యం' అని ఒక మాట ఇస్తారు, వాట్సాప్‌లో పంపమంటారు, మూడింటికి బహుమతులిస్తారు, మిగతావి ఎవరూ మళ్ళీ చూడరు. పిల్లలచేత ఫొటోలు తీయించాలన్న ఆలోచన చాలా మంచిది. పోటీగా పెట్టడమే దాన్ని పాడుచేస్తోంది. పిల్లలు తీసిన ఫొటోకి కావాల్సింది షీల్డు కాదు, దాన్ని చూసి 'ఇది నా పని, ఫలానా తేదీలోగా చేస్తాను' అని చెప్పే పెద్దమనిషి. ఆ మాట చెప్పడానికే ఈ లేఖ. ఎలా చేస్తే పనికొస్తుందో, ఎక్కడ చెడుతుందో కూడా రాస్తున్నాం.

ఈ పద్ధతికి ఫొటోవాయిస్ అని పేరు. 1990ల్లో చైనాలోని యునాన్ రాష్ట్రంలో కారొలిన్ వాంగ్, మేరీ ఆన్ బరిస్ అనే ఇద్దరు పల్లెటూరి ఆడవాళ్ళ చేతికి కెమెరాలిచ్చారు. ఆ ఆడవాళ్ళు తమ పొలం పనినీ, పసిపిల్లలనూ, ఇంటి చాకిరీనీ తామే ఫొటోలు తీసి, వాటిని ముందు పెట్టుకుని తమ ఆరోగ్యం గురించి అధికారులతో మాట్లాడారు. పద్ధతి మొత్తాన్ని వాళ్ళిద్దరూ 1997లో ఒక పత్రంగా ప్రచురించారు. తర్వాత అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని ఫ్లింట్ నగరంలో కుర్రకారుతోనూ ఇదే చేశారు. దీని వెనకున్న ఆలోచనలో చాలా భాగం బ్రెజిల్ విద్యావేత్త పావులో ఫ్రెయిరీది: మనుషుల ముందు వాళ్ళ బతుకు బొమ్మనే పెట్టి, 'ఇది ఎందుకిలా ఉంది' అని వాళ్ళచేతే అడిగించడం. ఫొటోవాయిస్‌లో మూడు పనులున్నాయి. తమ చోట ఉన్న బలాన్నీ బాధనీ తామే నమోదు చేసుకోవాలి. వాటి మీద కూర్చుని మాట్లాడుకోవాలి. ఆ మాటను నిర్ణయం తీసుకునేవాళ్ళ దగ్గరికి చేర్చాలి. పోటీలో మొదటిది సగం జరుగుతుంది, మిగతా రెండూ జరగవు.

పోటీ అనగానే పిల్లలు తమకు కనిపించింది తీయరు, జడ్జీకి నచ్చేది తీస్తారు. చెత్తకుప్ప, మురిక్కాలవ, బీడీ తాగుతున్న తాత, చెట్టుకింద కళ్ళు మూయించి కూర్చోబెట్టిన చెల్లెలు. ఏ బడిలో పెట్టినా ఇవే వస్తాయి. కొత్త ఫోన్ ఉన్న పిల్లాడి ఫొటో ముందుకొస్తుంది, అమ్మ ఫోన్‌లో పగిలిన అద్దంతో తీసిన పిల్లది వెనక్కిపోతుంది. అన్నిటికన్నా చెడ్డ సంగతి ఇంకొకటుంది. ఊళ్ళో పిల్లలు ఎస్సీ కాలనీకి వెళ్ళి అక్కడి గుమ్మాల ఫొటోలు తీసుకొచ్చి 'అపరిశుభ్రత' అని కింద రాస్తారు. ఆ కాలనీ పిల్ల అదే తరగతిలో, రెండు బెంచీల అవతల కూర్చుని ఉంటుంది. దీనికి మందు ఒకే నియమం, దాన్ని మొదటిరోజే బోర్డు మీద రాయాలి: ఎవరి బతుకును వాళ్ళే తీయాలి. నా ఇల్లు, నేను నడిచే దారి, నేను తినేది, నేను ఆడే చోటు, నేను నిద్రపోయే వేళ. పక్కవాడి ఇల్లు మన సబ్జెక్టు కాదు.

కెమెరాలు వెతకడం తర్వాతి సంగతి. ముందు జవాబు చెప్పేవాళ్ళను వెతకండి. మీ మండలంలో ఎంఈఓ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యాధికారి, పంచాయతీ కార్యదర్శి, స్థానిక ఎస్సై, పాఠశాల యాజమాన్య కమిటీ చైర్మన్, ఈ అయిదుగురి దగ్గరికీ వెళ్ళి తేదీ చెప్పండి. 'ఎనిమిది వారాల తర్వాత, ఫలానా శనివారం మూడు గంటలకు వచ్చి రెండు గంటలు కూర్చోవాలి, పిల్లలు అడిగినదానికి అక్కడే రాసివ్వాలి' అని ఒప్పించండి. అయిదుగురిలో ముగ్గురైనా ఒప్పుకోకపోతే అప్పటికి మానేయండి. పిల్లల నోట బాధ చెప్పించి, వినేవాళ్ళు లేకుండా చేయడం కన్నా అసలు అడగకపోవడం నయం. ఒకసారి అలా మోసపోయిన పిల్లలు రెండోసారి నోరు విప్పరు.

దీనికి కొత్త పథకమేమీ అక్కర్లేదు. 2014 జనవరిలో మొదలైన రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమం 10 నుంచి 19 ఏళ్ళ పిల్లలందరిదీ. పోషణ, మానసిక ఆరోగ్యం, గాయాలు-హింస, మత్తు అలవాట్లు, పునరుత్పత్తి ఆరోగ్యం, అసాంక్రమిక వ్యాధులు అని దానిలో ఆరు అంశాలున్నాయి. తోటి పిల్లలతో ఆరోగ్యం గురించి మాట్లాడటానికి పిల్లల్లోంచే ఎంపికచేసే సాథియాలున్నారు. 2020లో వచ్చిన పాఠశాల ఆరోగ్య కార్యక్రమం కింద ప్రతి బడిలో ఇద్దరు టీచర్లకు ఆరోగ్య బాధ్యత అప్పగించాలి. ఆ ఇద్దరు టీచర్లు, సబ్‌సెంటర్ ఏఎన్ఎం కలిస్తే నడిపించడానికి మనుషులు దొరికినట్టే.

ఒక జట్టులో ఎనిమిది నుంచి పదిమంది. పన్నెండు దాటితే ఒక్కో ఫొటో మీద మాట్లాడే సమయం చాలదు, ఆరుకన్నా తగ్గితే ఇద్దరు రాని రోజు జట్టే ఉండదు. ఎనిమిది, తొమ్మిది తరగతులు మేలు. పదో తరగతి పిల్లలకు డిసెంబరు దాటాక ఊపిరాడదు. ఎంపికలో ఫస్టు ర్యాంకు పిల్లల్నీ, మైకు ముందు గడగడా మాట్లాడేవాళ్ళనీ మాత్రమే పిలవకండి. బడికి తరచూ మానేసేవాళ్ళు, సాయంత్రం పనికి వెళ్ళేవాళ్ళు, ఆటో ఎక్కి దూరం నుంచి వచ్చేవాళ్ళు, హాస్టల్ పిల్లలు ఉండాలి. మొదటి నాలుగు వారాలు ఆడపిల్లలూ మగపిల్లలూ వేర్వేరు జట్లుగా కూర్చోవాలి. నెలసరి గురించి, గంజాయి గురించి, ఇంట్లో తాగి కొట్టే నాన్న గురించి మొదటిరోజే అందరి ముందు ఎవరూ మాట్లాడరు. అయిదో వారంలో, ఏ ఫొటోలు బయట పెట్టాలో వాళ్ళే తేల్చుకున్నాక, కలపొచ్చు. వారానికి ఒకసారి, గంటన్నర. ఆటల పీరియడ్ లాక్కుని చేయొద్దు. ఆట కూడా ఆరోగ్యమే అని పిల్లలు అడిగితే మన దగ్గర జవాబుండదు.

మొదటి రెండు వారాలు కెమెరా ముట్టుకోకూడదు. ఈ మాట విని చాలామంది టీచర్లు తొందరపడతారు, పిల్లలు డీలాపడతారు. అయినా ఆగాలి. ఆ రెండు వారాలూ అనుమతి గురించి, భద్రత గురించి మాట్లాడాలి. అనుమతులు నాలుగు రకాలు, నాలుగూ వేర్వేరు కాగితాలు. తల్లిదండ్రులది మొదటిది. అది తెలుగులో, అర పేజీ దాటకుండా ఉండాలి. చదవడం రానివాళ్ళకు చదివి వినిపించి వేలిముద్ర తీసుకోవాలి. కూలికి వెళ్ళేవాళ్ళకు పగలు మీటింగ్ పెడితే రారు కాబట్టి రాత్రి ఏడింటికి పెట్టాలి. రెండోది పిల్లల సొంత ఒప్పుదల. అమ్మానాన్న సరేనన్నా పిల్ల వద్దంటే వద్దే. మూడోది ఫొటోలో పడే మనిషిది. నాలుగోది ఫొటో తీసి, మాట్లాడుకుని, ఎంచుకున్నాక 'దీన్ని నలుగురికీ చూపించొచ్చా' అని మళ్ళీ అడిగేది. మన బడుల్లో మొదటి కాగితం మీద సంతకం పెట్టించి మిగతా మూడూ దానిలోనే కలిపేస్తారు. అలా కలపకూడదు. తీసేరోజు ధైర్యంగా సరేనన్న పిల్లకే, తన ఇంటి గోడ అందరికీ కనపడబోతోందని తెలిసిన రోజు మనసు మారొచ్చు. మారే హక్కు ఆమెది.

ముందు అడిగి తర్వాత నొక్కాలి. 'తీసి చూపిస్తాను, బాగాలేకపోతే చెరిపేస్తాను' అనడం అడగడం కాదు. వీలైనంతవరకు ముఖాలు లేకుండా తీయడం నేర్పండి. చేతులు, కాళ్ళు, నీడ, చెప్పులు, కంచం, మంచం, గడియారం ఎంతైనా చెప్తాయి. ముఖం పడితే తర్వాత బ్లర్ చేద్దాంలే అనుకుంటారు. ఊళ్ళో మనిషిని చొక్కా చూసి, అరుగు చూసి గుర్తుపడతారు, బ్లర్ పనిచేయదు. యూనిఫాం మీద బడి పేరు, బండి నంబరు, ఇంటి నంబరు, మందుచీటీ మీద పేరు ఫ్రేములో పడకుండా చూసుకోవాలి. నల్లగొండ జిల్లా ఫ్లోరైడ్ ఊళ్ళలోనో, కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం ఉద్దానంలోనో చేసేటప్పుడు ఈ జాగ్రత్త రెండింతలుండాలి. గారపట్టిన పళ్ళు, డయాలసిస్ చేయి ఇప్పటికే ఎంతోమంది బయటివాళ్ళు ఫొటోలు తీసుకెళ్ళారు. అక్కడి పిల్లలు నీళ్ళ క్యాన్ తీయనీ, ప్లాంటు దగ్గర వరస తీయనీ, బోరు తీయనీ. ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేకపోతే 1.5 వరకేనని మన దేశ ప్రమాణం చెప్తుంది. ఆ బోరు నీళ్ళ పరీక్ష కాగితం పక్కన పెడితే ఫొటో మాట్లాడుతుంది. పళ్ళు చూపించాల్సిన అవసరం లేదు.

తీయకూడనివి కొన్ని ఖచ్చితంగా చెప్పాలి. బెల్టుషాపులో తాగుతున్నవాళ్ళు, గంజాయి చేతులు మారే చోటు, గొడవ జరుగుతున్న చోటు, స్నానాల గదుల్లో మనుషులు, ఆసుపత్రిలో రోగులు. 'మా వీధిలో మందు సమస్య' అని చెప్పాలనుకున్న పిల్లాడు తెల్లవారాక రోడ్డు పక్క పడున్న ఖాళీ సీసాలు తీస్తే చాలు. ఎవరూ వెంటపడరు, విషయమూ పోదు. ఇద్దరిద్దరుగా వెళ్ళాలి, చీకటి పడకముందే ముగించాలి, ఎవరైనా 'ఎందుకు తీస్తున్నావ్' అంటే చూపించడానికి హెచ్ఎం సంతకం ఉన్న చీటీ జేబులో ఉండాలి. అడిగినవాడు కోపంగా ఉంటే వాదించకుండా వచ్చేయాలి. ఈ సంభాషణను తరగతిలో ఒకరిని షాపాయనగా నిలబెట్టి ఆడించండి, పది నిమిషాల్లో నేర్చుకుంటారు.

ఇక ఫోన్లు. పిల్లల సొంత ఫోన్ల మీద ఆధారపడితే సగంమంది మొదట్లోనే ఆగిపోతారు. జట్టుకు నాలుగైదు పాత ఆండ్రాయిడ్ ఫోన్లు చాలు, సిమ్ తీసేసినవి. కెమెరా 8 మెగాపిక్సెళ్ళున్నా సరిపోతుంది. మామూలు 4×6 అంగుళాల ప్రింటు స్పష్టంగా రావడానికి 1200×1800 పిక్సెళ్ళు కావాలి, అంటే రెండు మెగాపిక్సెళ్ళ పైచిలుకు. ఏ4 సైజుకు తొమ్మిది దగ్గర పడుతుంది కానీ నాలుగడుగుల దూరం నుంచి చూసేదానికి 8 చాలు. ఇచ్చేముందు చేయాల్సినవి: కెమెరా సెట్టింగుల్లో లొకేషన్ ఆపేయడం, గూగుల్ ఫొటోస్ బ్యాకప్ ఆపేయడం. రెండోది మరిచిపోతే పిల్లలు తీసిన ప్రతిదీ ఆ ఫోన్ సొంతదారు ఖాతాలోకి, అతని ఇంట్లో టీవీ దాకా వెళ్ళిపోతుంది. చెరిపేసినా ట్రాష్‌లో నెల, రెండు నెలలు అలాగే ఉంటుంది. అక్కడా ఖాళీ చేయాలి.

వాట్సాప్‌లో పంపించుకోవద్దు. మామూలుగా పంపితే ఫొటో కుదించుకుపోయి పెద్ద ప్రింటుకు పనికిరాదు. డాక్యుమెంటుగా పంపితే నాణ్యత ఉంటుంది కానీ లొకేషన్ ఆన్‌లో ఉండి తీసినదైతే ఇంటి అక్షాంశ రేఖాంశాలు కూడా దానితోపాటే వెళ్తాయి. పైగా గ్రూపులో ఒకసారి పడ్డ ఫొటో మన చేతిలో ఉండదు. కేబుల్‌తో బడి కంప్యూటర్లోకి ఎక్కించి, ఫోల్డర్లకు పిల్లల పేర్లు కాక 'ఏ1, ఏ2' అని గుర్తులు పెట్టి, ఏ గుర్తు ఎవరిదో చెప్పే కాగితం బీరువాలో విడిగా పెట్టండి.

తీయడంలో నేర్పాల్సింది తక్కువే. పిల్లల ఫోన్ ఫొటోలు మసకగా రావడానికి చాలాసార్లు కారణం లెన్సు మీద కొబ్బరినూనె వేలిముద్ర. తీసేముందు నూలుగుడ్డతో తుడవాలి. వేళ్ళతో జూమ్ చేయకుండా రెండడుగులు ముందుకు నడవాలి. వంటింట్లో కిటికీకి ఎదురుగా తీస్తే పొయ్యి దగ్గరంతా నల్లగా వస్తుంది. కిటికీని వీపు వెనక పెట్టుకుని తీయాలి, కుదరకపోతే తెర మీద పొయ్యిని ఒకసారి తాకి వెలుతురు అక్కడ సరిచూడనివ్వాలి. ప్రతి సంగతినీ మూడుసార్లు తీయాలి: దూరం నుంచి చోటు కనపడేలా, మధ్య నుంచి, దగ్గరగా. అంతే. వారానికి ఇరవై నాలుగు ఫొటోల హద్దు పెట్టండి. పాత రీలు కెమెరాల కాలంలో ఆ హద్దు దానంతటదే ఉండేది, అందుకే నొక్కేముందు ఆలోచించేవాళ్ళు. హద్దు లేకపోతే ఒక్కొక్కరు మూడొందలు తెస్తారు, ఎంచుకునేసరికే పీరియడ్ అయిపోతుంది.

ప్రశ్న ఎలా ఇస్తామన్నదాన్ని బట్టే ఫొటోలు వస్తాయి. 'మన ఊరి ఆరోగ్య సమస్యలు' అంటే పాఠ్యపుస్తకం తిరిగొస్తుంది. 'నిన్న పొద్దున లేచినప్పటి నుంచి పడుకునేదాకా నీ ఒంటికి మంచి చేసిందేది, చెడు చేసిందేది' అనండి. 'నీకు బలాన్నిచ్చేది' అని ఒక వారం తప్పకుండా కేటాయించండి. నానమ్మ చేసే జొన్నరొట్టె, సాయంత్రం కబడ్డీ గీసే గచ్చు, తోడు నడిచే స్నేహితురాలి సైకిలు ఆ వారంలోనే వస్తాయి. బాధలే తీయిస్తే ఊరు తలవంచుకునే ప్రదర్శన అవుతుంది, పెద్దలూ సర్దుకుని కూర్చుంటారు.

ఫొటోలు వచ్చాక ఒక్కొక్కరూ తమవాటిలోంచి రెండు ఎంచుకుని చిన్న ప్రింట్లు తీయించి నేలమీద జంపఖానా పరిచి పెట్టాలి. ఒక్కో ఫొటో ముందు అయిదు ప్రశ్నలు, ఇదే వరసలో. ఇక్కడ ఏం కనిపిస్తోంది? అసలు ఏం జరుగుతోంది? ఇది మన బతుకులకు ఎలా సంబంధం? ఎందుకిలా ఉంది? మనం ఏం చేయొచ్చు? చెడేది నాలుగో ప్రశ్న దగ్గర. దాన్ని దాటేసి అయిదోదానికి దూకుతారు, దూకించేది మనమే.

ఒక ఫొటో తీసుకుందాం. మధ్యాహ్నం మూడు గంటలు, బెంచీ మీద స్టీలు నీళ్ళసీసా, మూత తీసి పైనుంచి తీసింది, అంచుదాకా నీళ్ళు. తీసింది తొమ్మిదో తరగతి ఆడపిల్ల. ఏం కనిపిస్తోందంటే, 'పొద్దున నింపింది నింపినట్టే ఉంది.' ఏం జరుగుతోందంటే, 'తాగలేదు.' ఇక్కడ టీచర్ నోరు ఊరుకోదు. 'రోజుకు రెండు లీటర్లు తాగాలమ్మా, లేకపోతే యూరిన్ ఇన్ఫెక్షన్ వస్తుంది' అంటారు. మాట నిజమే, కానీ పిల్ల తలూపుతుంది, సంభాషణ అక్కడితో ఆగిపోతుంది. ఆగి, 'ఎందుకు తాగలేదు' అని అడగాలి. తాగితే బాత్రూంకి వెళ్ళాలి. వెళ్తే? గడియ లేదు, ఇంకొకమ్మాయి బయట తలుపు పట్టుకోవాలి. గడియ ఎందుకు లేదు? పెట్టారు, ఊడిపోయింది. ఎందుకు ఊడింది? అప్పుడు పిల్లలే వెళ్ళి ఆ తలుపును దగ్గరగా ఫొటో తీసుకొస్తారు. ప్లాస్టిక్ తలుపు, లోపల డొల్ల. దానికి చెక్కకు బిగించే చిన్న స్క్రూలు బిగించారు. నాలుగు నెలలకే రంధ్రాలు వదులై గడియ చేతిలోకి వచ్చేసింది. ఆ తలుపుకు అవతలివైపు దాకా వెళ్ళే నట్టు-బోల్టు, రెండు వైపులా వాషరు కావాలి. సీసాలో నీళ్ళ నుంచి వాషరు దాకా వచ్చాం. దీనికి ఎంత ఖర్చవుతుందో వీధిచివర హార్డ్‌వేర్ షాపులో పిల్లలే కనుక్కుంటారు. బడి గ్రాంటులో సంతకం ఎవరిదో మీకు తెలుసు. 'ఆడపిల్లల్లో నీళ్ళు తాగే అలవాటుపై అవగాహన సదస్సు' పెట్టినదానికీ దీనికీ ఉన్న తేడా అదే.

ఐరన్ మాత్ర కూడా ఇలాంటిదే. 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. బడుల్లో వారానికొకటి నీలం రంగు మాత్ర ఇస్తున్నారు, 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం. ఒక పిల్ల తరగతి గోడ వెనక గడ్డిలో పడున్న నీలం మాత్రలను ఫొటో తీసుకొచ్చిందనుకోండి. పెద్దవాళ్ళకు మొదట వచ్చేది కోపం, ఎవరు పారేశారని ఆరా. ఆ ఆరా మొదలైతే ఇక అలాంటి ఫొటో ఎవరూ తీయరు. మాత్ర ఎప్పుడు ఇస్తున్నారని అడగండి. పొద్దున ప్రార్థన అవగానే ఇస్తుంటే, ఇంట్లో టిఫిన్ లేకుండా టీ తాగి వచ్చిన పిల్లకు కడుపులో తిప్పుతుంది, ఒకసారి వాంతి అయ్యాక మళ్ళీ మింగదు. టీ మీద మింగితే ఇనుము సరిగా వంటబట్టదు కూడా. మధ్యాహ్న భోజనం అయ్యాక ఇస్తే చాలావరకు తీరుతుంది. మార్చాల్సింది పిల్లల బుద్ధిని కాదు, మాత్ర ఇచ్చే వేళను.

బడి ముందు దుకాణాల సంగతి దాదాపు ప్రతి జట్టులోనూ వస్తుంది, అందులో ఫొటోకి తెలియని కిటుకు ఒకటుంది. సిగరెట్లు, పొగాకు బడి ప్రహరీ నుంచి 100 గజాల లోపల అమ్మకూడదు, 18 ఏళ్ళ లోపు వాళ్ళకు అసలే అమ్మకూడదు. ఇది 2003 పొగాకు చట్టం. ఉప్పు, చక్కెర, కొవ్వు ఎక్కువున్న చిరుతిళ్ళను బడి ఆవరణలోనూ చుట్టూ 50 మీటర్ల లోపలా అమ్మకూడదని ఆహార భద్రతా సంస్థ 2020 నిబంధన. పిల్లలు జూమ్ చేసి తీస్తే దుకాణం గేటుకు ఆనుకుని ఉన్నట్టు కనిపిస్తుంది, వైడ్‌లో తీస్తే ఎంతో దూరంగా కనిపిస్తుంది. ఫొటో చూపించి కొట్లాడితే షాపాయన నెగ్గుతాడు. అందుకే టేపు పట్టుకుని కొలవాలి. 100 గజాలంటే 91 మీటర్లు. గేటు నుంచి రోడ్డు వెంట కాదు, ప్రహరీ బయటి అంచు నుంచి సూటిగా కొలవమని నిబంధన. ఆ అంకె ఫొటో కింద రాయాలి. షాపాయన ముఖం ఉండకూడదు, షాపు పేరూ వద్దు. అతని పిల్లలు కూడా మీ బడిలోనే చదువుతుండొచ్చు. వేలాడే గుట్కా ప్యాకెట్లూ, వెనకాల బడి బోర్డు అంచూ ఒకే ఫ్రేములో ఉంటే చాలు. ఎస్సై ఆ రోజు కుర్చీలో ఉంటారు కదా, చట్టం ఆయన చదువుతారు.

రెసిడెన్షియల్ కాలేజీల్లో, గురుకులాల్లో ఫోన్ నిషేధం కాబట్టి ఇది కుదరదంటారు. కుదురుతుంది. కెమెరా టీచర్ దగ్గరే ఉండి, గంటన్నర సెషన్‌లోనే వాడొచ్చు. కెమెరా వెళ్ళలేని చోటును గీయొచ్చు: తెల్లవారుజామున స్టడీ అవర్‌లో బెంచీ మీద వాలిన తల, పక్కన గోడగడియారం. 13 నుంచి 18 ఏళ్ళ పిల్లలకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్యులు చెప్తారు. ఆ గడియారం బొమ్మ పక్కన వాళ్ళ టైంటేబుల్ అంటిస్తే చాలు. దాన్ని చూసి జవాబు చెప్పాల్సింది ప్రిన్సిపాల్ గారే కాబట్టి మొదటే ఒప్పుకుని ఉండాలి.

ఫొటో కింద రాసే మాట పిల్లలదే కావాలి. చెప్తుంటే రికార్డు చేసి, ఉన్నదున్నట్టు నలభై యాభై మాటలు రాయండి. శ్రీకాకుళం పిల్ల మాట శ్రీకాకుళంలా, పాలమూరు పిల్లాడి మాట పాలమూరులా ఉండాలి. కోయ, గోండి, లంబాడీ, ఉర్దూ మాట్లాడే పిల్లలు తమ భాషలోనే చెప్పాలి, తెలుగు కింద రాసుకోవచ్చు. తెలుగు మాస్టారు దాన్ని 'పరిసరాల పరిశుభ్రత మన అందరి బాధ్యత' అని దిద్దితే ఆ ఫొటోలో పిల్ల మాయమైపోతుంది.

ఇప్పుడు అన్నిటికన్నా బరువైన సంగతి. ఫొటోల మీద నాలుగైదు వారాలు మాట్లాడాక, ఎప్పుడో ఒకరోజు ఒక పిల్ల ఫొటోలో లేనిది చెప్తుంది. ఇంట్లో కొట్టడం, ఎవరో తాకడం, చనిపోవాలనిపించడం. దానికి ముందే సిద్ధంగా ఉండాలి. 'ఇక్కడ చెప్పింది ఎవరికీ చెప్పం' అని ఎప్పుడూ మాట ఇవ్వకండి, అది నిలబెట్టుకోలేని మాట. పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్ళు పోలీసులకు చెప్పి తీరాలి. మొదటిరోజే పిల్లలకు సూటిగా చెప్పండి: 'నీకు ప్రమాదమని తెలిస్తే, నిన్ను కాపాడగలిగేవాళ్ళకు చెప్తాను, చెప్పేముందు నీతో మాట్లాడతాను.' అలా చెప్పిన పిల్లను జట్టు ముందు ఇంకా అడగొద్దు. ప్రతి సెషన్‌లో ఇద్దరు పెద్దలు ఉండాల్సింది ఇందుకే. ఒకరు ఆమెతో బయటికి వెళ్ళి పక్కన కూర్చుంటే, ఇంకొకరు మిగతావాళ్ళను చూసుకుంటారు. పిల్లల హెల్ప్‌లైన్ 1098, మనసు బాగాలేనప్పుడు టెలిమానస్ 14416, రెండు నంబర్లూ గదిలో గోడమీద మొదటివారం నుంచే ఉండాలి. ఆ ఫొటో ప్రదర్శనకు వెళ్ళదు, ఆ పిల్ల వెళ్ళనివ్వమన్నా సరే అప్పటికి ఆపండి.

ప్రదర్శనకు ముందు ఒక పూట కలిసి కూర్చుని ఫొటోలన్నీ కుప్పలుగా వేయాలి. ఏది ఏ కుప్పలోకి వెళ్ళాలో, కుప్పకు పేరేంటో పిల్లలే తేల్చాలి. 'పోషకాహారం' అని మనం ముందే చీటీలు రాసిపెట్టొద్దు. వాళ్ళు 'ఆకలేసే వేళలు' అని పెడతారు, అందులో ఖాళీ టిఫిన్ డబ్బా, స్టడీ అవర్, బస్సు రాని స్టాపు మూడూ పక్కపక్కన పడతాయి. కిశోర స్వాస్థ్య కార్యక్రమం చెప్పే ఆరు అంశాల్లో అవి ఒకదానికొకటి కలవవు, వాళ్ళ రోజులో కలిసే ఉంటాయి. మొత్తం పదిహేను, ఇరవై ఫొటోలు చాలు, ఏ4లో.

ఆ శనివారం మూడు గంటలకు వేదిక, శాలువాలు, జ్యోతి ప్రజ్వలన వద్దు. అధికారులు కూడా గోడల వెంట నడవాలి, పిల్లలు తమ ఫొటో పక్కన నిలబడి చెప్పాలి. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. పిల్లలందరూ అయ్యేదాకా పెద్దలు ప్రశ్న అడగొచ్చు, ఉపన్యాసం ఇవ్వకూడదు. ప్రతి ఫొటో కింద ఒక తెల్లకాగితం అంటించి రెండు గళ్ళు గీయండి: ఎవరు, ఎప్పటిలోగా. అధికారి తన పెన్నుతో అక్కడే రాయాలి. తన చేతిలో లేనిదైతే ఎవరి చేతిలో ఉందో వాళ్ళ హోదా రాయాలి. 'పరిశీలిస్తాం' అని రాస్తే ఆ గడి ఖాళీ కింద లెక్క. ఫొటోలను బడి ఫ్లెక్సీ మీదా, శాఖ పత్రికలోనూ, సోషల్ మీడియాలోనూ వేసుకోవాలంటే పిల్లలను మళ్ళీ అడగాలి. మన కాపీరైటు చట్టం ప్రకారం ఫొటో రచయిత దాన్ని తీసిన మనిషి. ఫోన్ బడిదైనా ఫొటో ఆ పిల్లదే.

నెల తర్వాత జట్టు మళ్ళీ కూర్చుని ఆ కాగితాలు చూసుకోవాలి. మూడు నెలల తర్వాత అదే పిల్ల అదే చోట నిలబడి, అదే ఎత్తులో, అదే వేళకు మళ్ళీ ఫొటో తీయాలి. మొదటిసారి తీసినప్పుడే నిలబడ్డ చోట నేలమీద సుద్దముక్కతో గుర్తు పెట్టించి, గోడకు ఎన్ని అడుగుల దూరమో రాయించి ఉంచితే రెండు ఫొటోలూ పక్కపక్కన సరిపోతాయి. ఆ రెండో ఫొటో తేదీని మొదటి ఫొటో తీయకముందే మీ డైరీలో రాసుకుని, ఆ రోజు మళ్ళీ బడికి రండి.

ఇట్లు,
పిల్లలతో ఫొటోవాయిస్ చేయించే కార్యకర్తలు, టీచర్లు